చెయ్యందినంత మేర

బుడతకీచులు కట్టారంటారు.
మా మేనత్త మాత్రం, కట్టింది వడ్డెరోళ్లు,
బుడతకీచులు గొడుగేసుకుని చూశారు, అనేది.

ఏదైతేనేం, బెజవాడలో ఈ కొండ మీద
నూట పన్నెండు మెట్ల పైన
వెనక గోడ లేని గుడి ఇది.
వెనక గోడ కొండే.
పీఠం వెనక నల్లరాయి అలాగే వదిలేశారు.
వానాకాలం అది చెమరుస్తుంది,
పూటకి రెండు చెంబుల నీళ్లు నేనే పిండిపోస్తాను.
కొత్తగా వచ్చిన ఫాదర్ గారు
మహిమేమోనని మోకాళ్ల మీద కూర్చున్నారు.
ఊట, అన్నాను.

కొండవైపు కిటికీల్లేవు.
ఏటివైపు ఏడు.
పొద్దు వాలేటప్పుడు కృష్ణ మీది వెలుగు
ఆ ఏడింట్లోంచీ దూరి
ఎదుటి గోడ మీద పలకల్ని తడుముతుంది.

పలకలంటే బళ్లో రాసేవి కావు.
జానెడు జానెడు పింగాణీ బిళ్లలు,
తెల్లటి మీద నీలం,
చొక్కాకి నీలిమందు ఎక్కువైనప్పటి నీలం.
గోడ నిండా అవే.
దూరంగా ఓడ. ఒడ్డున అంతోనివారు.
మనుషులు వినకపోతే
ఆయన మాట వినడానికి
నీళ్లలోంచి తలలెత్తిన చేపలు.

ప్రతి శనివారం తడిగుడ్డతో తుడుస్తాను.
ముప్పై ఒక్క ఏళ్లు.
కింద రెండు వరసలు ద్రాక్షతీగ.
ఆ పైన మూడు వరసలు చేపలు.
బొచ్చె కాదు, కొరమీను కాదు, ఏ జాతో తెలీదు,
నోళ్లు మాత్రం చేపల మార్కెట్టు నోళ్లే.
నాలుగో వరసలో, చేపల నడుమ,
గుప్పెడు తెల్ల నురగ.
ఏ పలక మూల చిట్లిందో
ఏది తడితే బోలుగా మోగుతుందో
కళ్లు మూసుకుని చెప్తాను.
ఎనిమిదో వరస దాకానే.
అక్కడికి అంతోనివారి మోకాలు.
ఆ పైన నాకు చూడటం తెలుసు,
తుడవటం తెలీదు.

ఈ రోహిణి కార్తెలో సున్నాలకని పరంజా కట్టారు.
కూలోళ్లు మజ్జిగన్నం తిని
మెట్ల నీడన కునుకు తీస్తుంటే
కొంగు బిగించి ఎక్కాను,
యాభై ఎనిమిదేళ్ల దాన్ని.
బోర్లించిన పడవ లాంటి కొయ్య కప్పు
నెత్తికి తగిలేంత దగ్గర.
పావురాల కంపు.

అంతోనివారి ముఖం.
కింద నుంచి ఎంత కరుణ!
దగ్గర్నుంచి నాలుగు గీతలు.
కన్ను ఒక చుక్క. పెదవి, కుంచె జారినట్టు.
ఇంత పైకి ఎవరొస్తారులే అనుకున్నాడు గీసినవాడు.
కోపమొచ్చింది.
ఆనక, చేపకి ప్రతి పొలుసూ గీశాడే,
ద్రాక్షాకుకి ఈనెలు వదల్లేదే, అనిపించింది.
నాలాంటి దాని చెయ్యి అందే మేర
ఒళ్లు దాచుకోకుండా చేశాడు.

దిగబోతూ చూశాను.
ఆయన తల పక్కన, ఆకాశంలో,
మబ్బులో మబ్బులా
నోరు తెరుచుకుని ఒక చేప.

ఉప్పెన ఏటి గాలికి ఊడిన పలకల్ని
మా నాయన రాయప్పే అతికించాడు.
వెనక ఏవో అంకెలుంటాయట వాటికి.
నాయనకి అంకెలు రావు.
నీలం నీలమే కదా అనుకుని ఉంటాడు.

అయితే కింద, నాలుగో వరసలో, ఆ నురగ?

పరంజా కర్ర పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

చేప మీద ఎన్నేళ్ల దుమ్మో.
కొంగు తడిచేసి, నోటితోనే, దేవుడు క్షమించాలి,
కన్ను బయటపడేదాకా తుడిచాను.
అక్కణ్ణించి దానికి
కిటికీలోంచి ఏరు కనపడుతుంది.
ఎవరది పైన, అని కేకేశారు. శౌరీలమ్మని, అని దిగాను.
ఫాదర్ గారికి చెప్పలేదు.

శనివారం మళ్లీ బకెట్టు, గుడ్డ.
ద్రాక్షతీగ. చేపలు.
నాలుగో వరస దగ్గర ఆగి
గుడ్డని ఇంకోసారి గట్టిగా పిండాను.
మబ్బుని నీళ్లోడుతున్న గుడ్డతో తుడిస్తే
ఏం బాగుంటుంది?