ఆరు ముక్కల పెట్టె

బ్రాడీపేట. ఏసీ చల్లదనంలో
తుమ్ము ఆపుకుంటూ కూర్చున్నాను.
పొద్దున యార్డులో మిరప బస్తాలు దించిన ఒళ్ళు ఇది,
చొక్కా మార్చినా
పక్క బల్ల వాళ్ళు అప్పటికే రెండుసార్లు దగ్గారు.

కెజియా పెట్టె తెరిచింది.
ఫోన్లో ఎవరో పిల్ల తింటుంటే చూసి
నెల రోజులు నా ప్రాణం తీసిన ముక్కలు.
"ఇది గంట. ఇది బంతి. ఇది బూటు నాన్నా."

ఎముక లేదు, ఈక మొదలు లేదు.
మా ఇంట్లో కోడి కోస్తే
కందనకాయ కోసం ముగ్గురం కొట్టుకునేవాళ్ళం.
దీంట్లో కొట్టుకోడానికి ఏముంది?
సాసు చూస్తే తియ్యన,
దగ్గుమందు సీసా అడుగులా.

కాలుతోందంటే
ఓ ముక్క తుంచి, ఊది, నోట్లో పెట్టాను.
మూడుసార్లు సబ్బేసి రుద్దిన వేళ్ళే.
పిల్ల హా... హా... అంటూ గ్లాసు ఖాళీ చేసింది.
కన్నీళ్ళు తుడవబోయి
నా చేతిని నేనే ఆపుకున్నాను.

"ఇంకోటి" అంది,
"నీ చేత్తోనే."

చివరికి బూటు మిగిలింది.
తినదట. టిష్యూలో చుట్టి
నా జేబులో పెట్టింది,
రెండో కాలిది దొరికేదాకా.