ఆరో తలుపు వెనక

ఇవాళ షార్కో తొమ్మిదిసార్లు చచ్చిపోయింది.
తొమ్మిదిసార్లూ అదే కారు, అదే రివర్స్ గేరు.
తలుపు తట్టిన చెయ్యే వేరు.

నేను పక్కింటివాణ్ణి. నాకిచ్చిన కాగితంలో
"పొరుగాయన, డెబ్బై ఏళ్లు, ఒంటరి" అని ఉంది.
పెద్దగా నటించక్కర్లేదనే పిలిచారు కాబోలు.
ముప్పై నాలుగేళ్లు పోర్ట్ కెంబ్లా ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపి
రిటైరయ్యాక చర్చి హాల్లో నాటకాలాడుకునే బ్లగోయాని.
రోజుకి ఒక శాండ్‌విచ్, ఒక గిఫ్ట్ కార్డు.

డాక్టరు కావాలనుకునేవాళ్లకి ఇక్కడ ఎనిమిది తలుపులు.
బయట రెండు నిమిషాలు కాగితం చదువుకోవాలి,
లోపల ఎనిమిది నిమిషాలు మనిషిలా ఉండాలి,
గంట మోగితే మాట సగంలో ఉన్నా లేచిపోవాలి.
నాది ఆరోది.
"మీరు పొరపాటున పక్కింటాయన కుక్కని కారుతో తొక్కేశారు.
వెళ్లి చెప్పండి."

టీ బల్ల దగ్గర చెవిన పడ్డవి:
ఏ డిగ్రీ అయినా చాలట. లెక్కలు, వయొలిన్, రాళ్లు, ఏదైనా.
చాలంటూనే ఆ డిగ్రీలో ప్రతి సెమిస్టర్నీ తూకం వేస్తారట.
పందొమ్మిదేళ్లప్పుడు ప్రేమలో పడి పోగొట్టుకున్న కెమిస్ట్రీ పేపరు
ముప్పై ఆరేళ్లకీ వెంటాడుతుందట.
ఆపైన పొద్దంతా ఒక పరీక్ష:
పద్యానికి తాత్పర్యం, రెండు వ్యాసాలు, తర్వాత
అణువులు ఒకదాని చెయ్యి వదిలి ఇంకొకదాన్ని ఎందుకు పట్టుకుంటాయో.
ఆ మార్కులకి పాల ప్యాకెట్టుకిలాగే గడువు తేదీ.
పల్లెల్లో బతికిన ఏళ్లకి మాత్రం విడిగా కొంత విలువ.
"మా నాన్నకి నష్టం తెచ్చిన కరువు నాకు కలిసొచ్చింది"
అని నవ్వాడు గొర్రెల రైతు కొడుకొకడు.
నాకు అంతుపట్టనిది ఒక్కటే.
ఇన్నీ తూచాక, చివర్న నా కుక్కెందుకు?

మొదటి కుర్రాడు "మీ బాధ నాకు అర్థమవుతోంది" అన్నాడు.
రెండో పిల్లా అదే. మూడో అతనూ అదే,
అదే చోట ఊపిరి, అదే పక్కకి తల వంపు.
ఒకే కోచింగ్ సెంటర్లో ఒకే అద్దం ముందు నేర్చి ఉంటారు.
తప్పు పట్టను. క్రేన్ ఎక్కిన కొత్తలో
నేనూ పక్కవాడి చేతినే చూసేవాణ్ణి.
ఏడో అతను ఏడ్చేశాడు. నా కుక్క కోసం కాదు.

తొమ్మిదో ఆవిడ. ఇక్కడ పేర్లుండవు, చొక్కా మీద అంకె: 214.
బ్రోకెన్ హిల్ గనుల్లో రాళ్లు పరీక్షించేదట, గోళ్లలో ఇంకా ఎర్రదుమ్ము.
ఇది మూడో ప్రయత్నమట, మార్కులకి మార్చితో కాలం చెల్లిపోతుందట.
కూర్చుంది. "మీ కుక్క గురించి" అంది. ఆగింది.
"దాని పేరేంటి?"

పొద్దుట్నుంచి ఎవరూ అడగలేదు.
కాగితంలో పేరు లేదు. ఎనిమిది చావులూ పేరు లేకుండానే జరిగాయి.
షార్కో, అన్నాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో.
"ఎన్నేళ్లు?"
పదకొండు, అన్నాను.
ఒక చెవి మడత పడి ఉండేదన్నాను.
మా ఆవిడ దాంతో మాసిడోనియన్లోనే మాట్లాడేదని,
ఇంగ్లిషులో పిలిస్తే పలికేది కాదని,
ఎనభై మూడులో నైట్ షిఫ్టు దిగి వచ్చేసరికి గేటు దగ్గర

గంట.

అసలు సంగతి ఆవిడ చెప్పనే లేదు.
మూలన కూర్చున్న పరీక్షకురాలు
ఒక గడి మీద పెన్ను ఆపి, ఖాళీగా వదిలేసి, పేజీ తిప్పింది.
ఆవిడ తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి
"నేనేనండీ. వెనక చూసుకోలేదు" అంది.
గంట తర్వాతి మాట లెక్కలోకి రాదు.
నేను వేసుకున్నాను. నా లెక్క ఎవరికి కావాలి.

ఫలితాలు వాళ్లకెళ్తాయి, నాకు రావు.
అయిదున్నర రైలు. కిటికీలో కొలిమి వెలుగు.
ఇంటికొచ్చి గేటు వెయ్యబోయి
ఎందుకో కాసేపు పట్టుకు నిలబడ్డాను.

వచ్చే ఏడాదీ రమ్మన్నారు.
కుక్క మరీ కటువుగా ఉందని ఎవరో ఫిర్యాదు చేశారట,
ఈసారి పూలకుండీ పగలగొట్టి వస్తారట.
సరేనన్నాను.
కుండీకి పేరేంటని ఎవరడుగుతారు.