ఒకరోజు ముందు పుట్టినామె

పెరంబూరులో మేడమీద రేకుల గది నాది.
కింద ఇంటిగలామె, కోమళవల్లి పాట్టి,
ఆ పొద్దున బకెట్టు మీద గరిటెతో కొట్టి పిలిచింది:
"సాయంగాలం వా తంబి, పిరంద నాళ్."

మూడేళ్లయింది వచ్చి.
లేతు మిషను ముందు నిలబడ్డానికి సరిపడా తమిళం వచ్చు.
పుట్టినరోజుకి సరిపడా రాదు.

చొక్కా మార్చాను. గోళ్ల సందుల్లో గ్రీజు మారలేదు.
డజను అరటిపళ్లు పట్టుకెళ్తే
గుమ్మంలోనే ఒక గెల వేలాడుతోంది.

మనవడు ఇళంగో కేకు తెచ్చాడు.
ఎనిమిది, ఒకటి కొవ్వొత్తుల్ని
ఎవరి పిల్లో తిరగేసి గుచ్చింది: పద్దెనిమిది.
ఎవరూ సరిచెయ్యలేదు.
పాట్టి అటు చూడనైనా చూడకుండా
చక్కెర పొంగలి వడ్డిస్తోంది.

నా ఆకు దగ్గర ఆగింది.
"ఉన్ నచ్చత్తిరం ఎన్న?"
తెలీదన్నాను.
గరిటె గాల్లోనే ఉండిపోయింది.

ఎలా చెప్పను సగం భాషలో?
తుపాను వెళ్లిన మూడోనాడు పుట్టాను.
మా అమ్మకి ఆ వారం నీళ్లే గుర్తు.
బళ్లో వేసినప్పుడు హెడ్మాస్టరు
నా పళ్లు చూసి, జూలై ఒకటి అని రాశాడు.
మా తరగతిలో పంతొమ్మిది మందిమి
జూలై ఒకటినే పుట్టాం.
ఆధారులో, లైసెన్సులో, మెళ్లో వేలాడే కంపెనీ కార్డులో
నా పుట్టుకంతా ఆ మాస్టారి చేతిరాత.

అబద్ధానికి తమిళంలో మాట దొరక్క
చెయ్యి అటూ ఇటూ ఆడించాను.
పాట్టి నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చుంది.
"ఎన్నోడదుం పొయ్" అంది.
పొయ్యి అనుకుని వంటింటి వైపు చూశాను.
ఆరిపోయే ఉంది.
పొయ్ అంటే అబద్ధమని
ఆమె కూడా చెయ్యి అటూ ఇటూ ఆడించాక తెలిసింది.

ఆమెది ఆయిల్యం. మన ఆశ్లేష.
ఆ నక్షత్రం కోడలైతే అత్తకి గండమట.
ముప్ఫై నిండినా ఒక్క సంబంధం మెట్టెక్కకపోతే
వాళ్ల నాన్న జాతకంలో ఒక్కరోజు వెనక్కి జరిపాడు.
పూసం. ఎవరికీ ఏ గండమూ లేని నక్షత్రం.
పెళ్లయింది.
నలభై నాలుగేళ్లు పూసం నాడే తలంటు,
పూసం నాడే గుళ్లో అర్చన.
మర్నాడు మాత్రం, పెరట్లో, బట్టలారేసే తీగ కింద
నాలుక మీద చిటికెడు చక్కెర వేసుకునేదట.
అత్తకేమీ కాలేదు.
తొంభై నాలుగేళ్లు బతికి, నిద్రలో పోయింది.

మరి ఆయనకి తెలుసా అని అడగబోయాను.
గోడమీద ఫొటోకి దండ ఉంది.
"తెలుసు"ని ఏ కాలంలో పెట్టాలో తేలక ఊరుకున్నాను.

ఇదంతా ఆమె చెప్పిందో,
అందిన పది మాటలకి మిగతాది నేనే కుట్టుకున్నానో.

చెయ్యి కడుక్కుని లేచాను.
పొంగలి గిన్నె చేతిలో పట్టుకుని అడిగింది:
"అవసరమా?"
ఇంకాస్త కావాలా అని కదూ!
మొహమాటం పక్కన పెట్టి, "ఆమా, ఆమా" అన్నాను.
ఆమె మొహం చిన్నబోయింది.
వడ్డించలేదు.
స్టీలు డబ్బాలో పెట్టి, మూత నొక్కి, చేతికిచ్చి
తలుపు వారగా తీసి నిలబడింది.

మర్నాడు షిఫ్టులో సెల్వకుమార్ చెప్పాడు,
నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని:
ఇక్కడ అవసరం అంటే తొందర.

నలభై నాలుగేళ్లు ఒకరోజు ముందు పరిగెత్తిన మనిషి
ఇప్పుడు నింపాదిగా కూర్చుని
"తొందరా?" అని అడిగితే
ఔనౌనన్నాను.

డబ్బా తోమి బోర్లించాను.
ఖాళీది తిరిగివ్వకూడదు, ఏ ఊళ్లోనైనా.
పలాస నుంచి తెచ్చుకున్న జీడిపప్పు
సంచి అడుగున రెండు గుప్పెళ్లుంది. అదే పోశాను.

ఆదివారం దిగి ఇస్తాను.
కూర్చోమనకపోయినా కూర్చుంటాను.
గోడమీది క్యాలెండరు చూపించి
ఇవాళ ఏ నక్షత్రమని అడుగుతాను.
ఎవరికి గండమైనా సరే,
జూలై ఒకటి కాకపోతే చాలు.