ఏడో మడి

వాన పడ్డ మర్నాడు నా బల్ల మీద
ఇరవై నాలుగు సీసాలు.
కొన్ని పల్చటి టీ రంగు, కొన్ని ఇటుక రంగు,
ఒకటి మాత్రం దాదాపు మంచినీళ్ళు.
వాలుకి అడ్డంగా వట్టివేరు నాటిన ఏడో మడిది అది.

నా పని పెద్దదేం కాదు.
సీసా కుదిపి, వడగట్టి,
మిగిలిన మట్టిని నూట అయిదు డిగ్రీల దగ్గర
రాత్రంతా ఎండబెట్టి
పొద్దున్నే తూకం వేయడం.
హయత్‌నగర్ చలక నేల ఎంత పోయిందో
గ్రాముల్లో రాయడం.
ఎంత మిగిలిందో ఎవరూ అడగరు.
అంత పెద్ద త్రాసు మా దగ్గర లేదు.

సీసాలు మొగులయ్య తెస్తాడు,
సైకిల్ హ్యాండిల్‌కి రెండు వైపులా సంచులు,
సీసా సీసాకీ మధ్య పాత లుంగీ పేలికలు.
ముప్పై ఒక్క వానాకాలాలు.
వానమాపకం గొట్టంలో నీటి గీత చదివేటప్పుడు
ఇప్పటికీ ఊపిరి బిగబట్టుకుంటాడు.
"గాలి తగిల్తే గీత కదుల్తది మేడం."
కదలదు. నేను చూశాను.
చెప్పలేదు.

వచ్చే నెల అతని రిటైర్మెంట్.
పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్‌కి ఎక్కిస్తున్నాను.
చెదలు తిన్న అంచులు, వెలిసిపోయిన నీలం సిరా.
ల్యాబ్ లేని రోజులవి,
తూకం కూడా అతనిదే, అక్షరాలూ అతనివే.
ఒక ఆగస్టు రాత్రి దగ్గర వేలు ఆగింది.
తొంభై రెండు మిల్లీమీటర్ల వాన.
పక్క మడులన్నీ ముప్పై దాటాయి, నలభై దాటాయి,
అన్నిటికీ చుక్క తర్వాత అంకెలున్నాయి.
ఏడో మడికి లేవు.
కిరాణా కొట్టు బాకీలాగా
ఉత్త పన్నెండు.

అడిగాను.
కిటికీలోంచి గుట్ట వైపు చూశాడు.
అక్కడ అపార్ట్‌మెంట్ పునాదికి బండలు పేలుస్తున్నారు.
ఒక పేలుడు అయ్యేదాకా ఆగి చెప్పాడు:

"ఆ రాత్రి సీసా పగిలింది మేడం.
నా చేతులనే. చీకట్ల కాలు జారింది.
సార్ తిడ్తడని కాదు,
అసొంటి వాన మల్ల ఎప్పుడొస్తదో అని.
పెంకుల ఇన్ని నీళ్ళు మిగిలినయ్.
వేలు ముంచి, బొటనవేలుతోని రుద్ది చూసిన.
పన్నెండు అనిపించింది.
అందాజ రాసిన."

ఆ అందాజ మీదుగా ఒక గ్రాఫు నడిచింది.
గ్రాఫు మీదుగా ఒక నివేదిక.
వాలుకి అడ్డంగా గడ్డి నాటండని
అరకు పైన కొండ చేలల్లో
రాగులు వేసుకునేవాళ్ళకి ఎవరో చెప్పే ఉంటారు.
వాళ్ళు నాటే ఉంటారు.

కొట్టేయాలి. రూలు అదే,
తెలియని చోట ఖాళీ వదలాలి.

మూడో మడి సీసా అతని ముందుకి తోశాను.
వేలు ముంచాడు, రుద్దాడు, కళ్ళు మూసుకున్నాడు.
"తొమ్మిది. జర తక్కువనే."
పొద్దున త్రాసు ఎనిమిది పాయింట్ ఏడు అంది.
పద్దెనిమిదో మడిది ఇచ్చాను.
"పదిహేను" అన్నాడు.
ఆరు.
"అండ్ల చెరువు మట్టి తోలిండ్రు కదా,
ఆ మట్టితోని నా వేలికి పరిచయం లేదు"
అని నవ్వి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

గడి ఖాళీగానే వదిలాను.
కింద చిన్న అక్షరాల్లో రాశాను:
సీసా పగిలింది. వేలితో చూసిన అంచనా పన్నెండు.
చూసినవాడు మొగులయ్య.
ముప్పై ఒక్క ఏళ్ళ అంకెల్లో
మనిషి పేరున్నది ఆ ఒక్కదానికే.

సాయంత్రం ఎల్బీనగర్ దగ్గర వాన.
బస్సు కదలదు, ఆటోలు కదలవు,
ఫ్లైఓవర్ కింద ఎర్రనీళ్ళు మోకాలి దాకా.
ఎవరి చలకో, ఏ ప్లాటుకి చదును చేసిన గుట్టో,
సీసా లేకుండా పోతోంది.
దిగి, చెప్పులు చేతపట్టుకుని, వంగి
వేలు ముంచాను.
రుద్దాను.

గరుకుగా ఉంది.
ఏ అంకే రాలేదు.