చా నో మా

ఆ మాటకు ముందు ఒక గది ఉండేది.
ఆరు చాపల గది, నడుమ పొట్టి బల్ల,
కెటిల్ మూత టకటకలాడుతుంటే
ఇంటిల్లిపాదీ మోకాళ్లు మడిచి కూర్చునే చోటు.
చా అంటే టీ. నో అంటే యొక్క. మా అంటే గది.
ముందు 'ఒ' చేరిస్తే గౌరవం,
మనం చివర 'గారు' తగిలించినట్టు.
తర్వాత ఆ గదిలోకి టీవీ వచ్చింది.
పెట్టెకు ఎదురుగా ఎవరున్నా
గది పేరే వాళ్ల పేరయింది.

నీగాతాలో ఒక చిన్న స్టేషన్.
ఇసోబె తొమోయె ముప్పై ఒక్క ఏళ్లుగా
సాయంత్రం ఆరుంబావుకి తల వంచి
"ఒచానోమాలో ఉన్న అందరికీ" అని మొదలుపెడుతుంది.
ఒకసారి ఎవరి కోడలో ఉత్తరం రాసింది:
"మా మామగారు మీకు తిరిగి తల వంచందే
అన్నం ముట్టరు."

కొత్త డైరెక్టర్ కువబరా
స్క్రిప్టులో ఆ మాట చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాడు.
"ఇసోబె గారూ, ఎవరింట్లో ఉందండీ ఇప్పుడా గది?
రైల్లో చూస్తున్నారు, స్నానాల తొట్టిలో చూస్తున్నారు.
మా చెల్లెలి ఈడు వాళ్లకైతే చానోమా అంటే
కచేరీకి టికెట్ కొనకుండా ఇంట్లోంచే మురిసే అభిమాని.
తిట్టు అది.
షిచోషా అందాం. చూసి, వినే మనిషి. సరిపోతుంది."

సరిపోతుంది,
కరెంటు బిల్లు మీద వినియోగదారు సంఖ్యలా.
నాకు తెలుగులో దానికీ జోడు దొరకలేదు.
ప్రేక్షకులంటే చెవులు పోతాయి,
శ్రోతలంటే కళ్లు.
ఇక ఆ పాత మాటకొస్తే,
మా అంటే నా నోట నువ్వు రాని మేము;
వాళ్ల నోట అది గది,
రెండు గోడల మధ్య ఖాళీ,
రెండు మాటల మధ్య ఆగే ఊపిరి కూడా.

ఆ రాత్రి తొమోయె తన ఒంటిగది ఫ్లాట్‌లో
సింకు పక్కన నిలబడే టీ తాగింది.
పొట్టి బల్ల కాళ్లు ముడుచుకుని ఫ్రిజ్ వెనక ఉంది,
అమ్మ పోయినప్పటినుంచీ.
లాగబోయింది.
వేసే చోటేదీ?

మర్నాడు ప్రాంప్టర్ మీద కొత్త మాటే వచ్చింది.
తల వంచింది. నాలుక పాత దారి పట్టింది.
"ఒచా నో"
అని ఆగిపోయింది.

ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.
అద్దానికి అవతల కువబరా లేచి నిలబడ్డాడు.

"తీరప్రాంతంలో ఇవాళ నలభై సెంటీమీటర్ల మంచు."

డ్యూటీ రిజిస్టర్లో రాశారు:
ఆరూ పదిహేను. నిశ్శబ్దం, మూడు సెకన్లు.
కారణం: అనౌన్సర్.

కొండవైపు ఏదో ఇంట్లో
చల్లారుతున్న అన్నం ముందు ముసలాయన
వంచిన తల ఇంకా ఎత్తలేదు.