కొంగలగడ్డ చెక్కుబందీ

మండలాఫీసోళ్లు కాగితం అడిగిన్రు:
గ్రామ నైసర్గిక స్వరూపం, చరిత్ర.
ఒక్క పేజీ మించొద్దు.
బడిల ఉన్నది నేనొక్కదాన్నే, నాకే పడ్డది.

పేరు: కొంగలగడ్డ.
కొంగలు పోయి ఇరవై ఏండ్లాయె,
పేరు మార్చమని ఎవలూ అర్జీ పెట్టలే.

తూర్పు: గోదారి.
పడమర: గోదారి.
ఉత్తరం: చెన్నూరు దిక్కు పాయ, ఎండకాలం మోకాళ్ల లోతు.
దక్షిణం: మహాదేవపూర్ దిక్కు పాయ,
దాని లోతు అడగొద్దంటడు నావ పోశెట్టి.

విస్తీర్ణం కాడ పెన్ను ఆగింది.
పాత పహాణీల నాలుగు వందల పన్నెండెకరాల పదిహేడు గుంటలు.
అప్పట్ల గొలుసు పట్టిన మొండెయ్య తాత నవ్విండు:
"ఏ నెలల కొలిచిన్రో రాసిన్రా బిడ్డా?
పొద్దుగాల నేను మేకు కొడితె
మాపటికల్లా అది ఈత కొడుతుండె.
పట్వారి గొడుగు కింద కూసోని
కొట్కపోయిన ఎకరం గూడ రాస్కునెటోడు.
శిస్తు మునగది గదా."

నేలలు: మీద ఒండ్రు, కింద ఇసుక,
ఇసుక కింద ఎవలిదో ఇంటి కడప రాయి.
పంటలు: దర్భూజ, మక్క,
ఏరు మనసు మంచిగున్న ఏడు మిర్చి.

ఇగ చరిత్ర.
రాజులెవలూ ఇటు రాలే.
రజాకార్ల కాలంల ఒడ్డు ఊళ్ల ఆడోళ్లు
ఇక్కడి తుంగల పదకొండు రాత్రులు
పిల్లల నోళ్లకు కొంగు అడ్డం పెట్టి కూసున్నరట.
ఆ తుంగను ఇప్పటికీ ఎవలూ కొయ్యరు.
చాపలకు వేరే తుంగ ఉన్నది.

ఎనభై ఆరు వరద.
శంకరవ్వ చెప్పంగ రాస్తున్న:
గుడిసెలన్నీ పోయినయి, మద్దిచెట్టు ఒక్కటి నిలబడ్డది.
దాని మీద ముప్పై మంది, ఒక కుక్క, రెండు తాచుపాములు.
రెండు రాత్రులు
ఎవలూ ఎవల్నీ కరవలే.
నీళ్లు తీసినంక లెక్కలోళ్లు వచ్చిన్రు.
పోయిన తొమ్మిది మందిని
ఇటు ఆఫీసు అటు రాసుకోమన్నది,
అటు ఆఫీసు ఇటు.
ఆ తొమ్మిది మంది ఇంతవరకు
ఏ తాలూకాలనూ సచ్చిపోలే.

పేజీ అయిపోయింది.
పేర్లు తొమ్మిదీ అంచు మీద
సన్నగ, పైకి ఎక్కించుకుంట రాసిన.

నిన్న కాగితం వాపస్ వచ్చింది.
పేర్ల సంగతి ఎవలూ అడగలే.
నాలుగు దిక్కుల నీళ్లే అంటె
కంప్యూటర్ తీసుకుంట లేదట.
ఏదన్న ఒక దిక్కుకు
మనిషి పేరు కావాలట.

మళ్ల నావ ఎక్కిన.
నడి పాయల తెడ్డు ఆపి
"ఏమంటున్నరు పంతులమ్మా?" అన్నడు పోశెట్టి.
చెప్పిన.
శానసేపు నీళ్ల దిక్కు చూసిండు.
"దక్షిణానికి నా పేరు రాయి," అన్నడు.
"పొద్దంత ఈడనే ఉంట గదా."