తొమ్మిదో నంబరు ప్రాజెక్టు

ల్యాబు కిటికీ తెరిస్తే ఉదయసముద్రం గాలి,
మూస్తే మానిటర్ల వేడి.
బోర్డు మీద పద్నాలుగు ప్రాజెక్టులు రాసి
సుద్దముక్క చేతిలనే పట్టుకొని నిలబడ్డ.

రిజిస్టరుల నలభై మంది.
జట్టుకు ముగ్గురు.
ఎట్ల పంచినా ఒకరు మిగులుతున్నరు.

"యాప్ చేస్తం సార్, హాజరు యాప్"
అంటున్నది వెనుక బెంచీ.
యాప్ అంటే గోడకు సున్నం, బిడ్డా,
నేను పునాది తవ్వమంటున్న.

మెమరీ పంచుడు రవీనా తీసుకున్నది.
"వాడుకున్నది వాపసియ్యకపోతే ఏమైతది సార్?"
మీ తండాల పెండ్లికి అడుక్కొచ్చిన బోకులు
ఎవరింట్ల వాళ్ళు అట్లనే పెట్టుకుంటే ఏమైతది?
నవ్వింది. అర్థమైంది.
రెండో పెండ్లికి అన్నం వండనీకె గిన్నె ఉండదు.

షెడ్యూలర్ నాదంటే నాదని లేచిండు జాన్‌సైదులు.
వాళ్ళ నాయిన మూసీ కాలువ మీద నీరడి.
చిట్టచివరి మడి ఎండకుండ
వంతులేసుడు ఆయనకు ఎరుక.
నా పుస్తకంల ఆ గోసకు పేరున్నది,
మందు ఆయన పార కొసకున్నది.

డెడ్‌లాక్ కోసం రెండు జట్లు పట్టువట్టినయి.
నువ్వు జరుగంటే నువ్వు జరుగని
గడియారం సెంటర్ల ఆటోల తీరు
అరగంటసేపు.
ప్రాజెక్టు సగం అక్కడనే అయిపోయింది.

తొమ్మిదోది మాత్రం ఎవరూ ముట్టలే.
జాంబీ ప్రాసెస్‌లు.
"దయ్యాలా సార్?"
దయ్యాలు కావు.
పని ఆగింది, కదలిక లేదు,
పట్టికల పేరు మాత్రం ఉన్నది.
పుట్టించిన ప్రాసెస్ ఒక్కసారి తిరిగి చూసి
ఏమైంది బిడ్డా అని అడిగేదాక
ఆ పేరు పోదు, ఆ వరుస ఖాళీ కాదు.
అడిగే ఆ పిలుపుకు వెయిట్ అని పేరు.
ఉత్తగ ఎదురుచూసుడు కాదు,
అడుగుడు.

చెప్పుకుంట చెప్పుకుంట
నా గొంతు నాకే వినబడ్డది.

ఇరవై ఏడు. పగిళ్ల మత్స్యగిరి.
దసరా సంది రోజూ పిలుస్తున్న.
బెంచీ పలుకదు,
చుక్క పెట్టి ఇరవై ఎనిమిదికి పోతున్న.
రిజిస్టరు తీసి లెక్కవెట్టిన:
నలభై ఒక్క చుక్కలు.
మొదటి పరీక్షల వాడు రాసిన షెల్
ఇంకా నా పెన్‌డ్రైవుల నడుస్తనే ఉన్నది.

అన్నంగంటల ఫోను చేసిన.
ఆ దిక్కు డబ్బాల చప్పుడు, లారీ హారను,
బత్తాయిలు ఏరుతున్నరు.
"ఫీజు పైసలు పడలే సార్.
వస్తే ఆఫీసుల అడుగుతరని..."
నేను ఆఫీసు కాదు కద,
నేనెందుకు అడగలేదో
వాడు అడగలే.

జర ఆగి అన్నడు:
"ప్రాజెక్టులు ఏమన్న మిగిలినయా?"
ఒక్కటున్నదన్న.
"ఏంది సార్ అది?"

నోట్లె అన్నం ముద్ద తిరగలే.
వచ్చినంక చెప్తనన్న.
ఆఫీసుతోని నేను మాట్లాడుతనన్న.
ఈ రెండో మాట అనేటప్పుడు
ఎట్ల మాట్లాడాల్నో నాకు తెల్వదు.

సాయంత్రం బోర్డు తుడవనీకె వచ్చిన ముత్తమ్మ
చీరకొంగుల బట్ట పట్టుకొని చూసింది.
పేర్లన్నీ తుడిచింది,
తొమ్మిది కాడ ఆగి
"ఇది గూడనా?" అన్నది.